అటక మీది వీణ దించాక: చిన్ననాటి ఇష్టానికి తిరిగి వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పుట్టి పెరిగింది గుంటూరు బ్రాడీపేటలో. పెళ్లయ్యాక విజయవాడ సత్యనారాయణపురం వచ్చాను. తొమ్మిదో ఏట నుంచి పదిహేనో ఏట వరకు వీణ నేర్చుకున్నాను. ఆ తరువాత 36 ఏళ్లు దాన్ని ముట్టుకోలేదు. నాలుగేళ్ల కిందట, అమ్మ పోయిన ఏడాది, మళ్లీ పట్టుకున్నాను. అప్పటి నుంచి బంధువులు, బ్యాంకులో నాతో పనిచేసేవారు, కూరల బజారులో ఎదురైనవారు అదే అడుగుతున్నారు: ఎలా మొదలుపెట్టావు, మేమూ మొదలుపెట్టవచ్చా అని. ఆదివారం సాయంత్రాలు మా మేడ మీద గదిలో ఏడెనిమిది మందిమి కలుస్తాం. ఒకరు రంగులు వేస్తారు, ఒకరు కుడతారు, ఒకాయన పద్యాలు పాడతారు. అక్కడ పదేపదే వచ్చే ప్రశ్నలకు నేను చెప్పే జవాబులను ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను విద్వాంసురాలిని కాను, వైద్యురాలిని కాను. చేసి చూసిన దాన్నే చెబుతాను.

నాకు యాభై దాటాయి. ఇప్పుడు పడితే వస్తుందా?

వస్తుంది. చిన్నప్పుడు వారంలో పట్టుబడిన పాఠానికి ఇప్పుడు నెల పడుతుంది, అంతే తేడా. మా గదికి వచ్చేవారిలో పద్యాలు పాడే పెద్దాయనకు 73 ఏళ్లు. విద్యుత్ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశారు. తెనాలి దగ్గర పల్లెలో పెరిగారు, చిన్నప్పుడు రాత్రంతా మేలుకుని పద్య నాటకాలు చూసినవారు. హార్మోనియం మెట్ల మీద వేళ్లు పెట్టి శ్రుతి పట్టుకోవడానికి ఆయనకు మూడు నెలలు పట్టింది. ఇప్పుడు ఆయన రాగం తీస్తే కింద వీధిలో నడిచేవాళ్లు ఆగి పైకి చూస్తారు.

చిన్నప్పుడు నాకు ఏది ఇష్టమో కూడా గుర్తు లేదు. ఎలా తెలుసుకోవాలి?

నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. అడిగేటప్పుడు చాలామంది గొంతు తగ్గిపోతుంది. ఇష్టాన్ని మరిచిపోవడం తమ తప్పు అనుకుంటారు. తప్పేమీ కాదు, ఆ విషయం ఎవరూ మళ్లీ అడగలేదు కాబట్టి మరుగున పడింది.

మీకన్నా పెద్దవాళ్లను అడగండి. అక్కనో, పిన్నినో, మేనత్తనో. "నాకేది ఇష్టం?" అని అడిగితే వాళ్లకూ తెలియదు. "సెలవుల్లో నేను ఎక్కడ కూర్చునేదాన్ని, ఏం చేస్తూ ఉండేదాన్ని?" అని అడగండి. మా గదికి వచ్చే ఒకామె వాళ్ల పిన్నికి ఫోను చేసి ఇలాగే అడిగింది. పిన్ని వెంటనే, "బొమ్మల కొలువు వస్తే చాలు, నీకు బొమ్మలతో పని లేదే! పళ్లెంలో మట్టి పోసి ఆవాలు చల్లి పొలాలు పెంచేదానివి. అగ్గిపెట్టెలతో ఇళ్లు కట్టేదానివి. అన్నానికి పిలిస్తే వచ్చేదానివి కాదు" అన్నదట. ఆమె అప్పటిదాకా తనకు ఏ కళా లేదని నమ్మింది. ఇప్పుడు అట్టముక్కలతో, మట్టితో వేలెడంత పెంకుటిళ్లు చేస్తుంది. అరుగులు, గూళ్లు, గుమ్మానికి పసుపు, అన్నీ ఉంటాయి.

పాత నోటు పుస్తకాలు మిగిలి ఉంటే చివరి పేజీలు తిప్పండి. లెక్కల మాస్టారు పాఠం చెబుతున్నప్పుడు మీ చేయి ఏం గీసిందో అక్కడ ఉంటుంది. ఎవరైనా ఒక పని చేస్తుంటే చూసి మీ లోపల చిన్నగా కలుక్కుమంటుందా? అసూయ అనుకుని దాన్ని అణిచేయకండి. అది మీరు వదిలేసినదై ఉండవచ్చు.

ఏమీ దొరకకపోతే ముగ్గు వేయండి. మన ఇళ్లలో పెరిగిన ఆడపిల్లల్లో చాలామందికి ఆ విద్య వేళ్లలోనే ఉంది. సందు చుక్క, 15తో మొదలై 8 వచ్చేవరకు పెట్టి చూడండి. చుక్కలు ఆరు పలకలుగా వచ్చి కూర్చుంటాయి. అందులో మెలిక తిప్పుతూ ఎక్కడా చేయి ఎత్తకుండా మొదలైన చోటికి వచ్చి కలిసినప్పుడు కలిగే తృప్తి మీకు గుర్తుందా? ధనుర్మాసం వరకు ఆగక్కరలేదు. కాగితం మీదైనా సరే.

ఎందుకు ఆపేశామో తవ్వుకోవడం అవసరమా?

కొంతవరకు అవసరమే. మన రెండు ఊళ్లలో చాలామందికి ఆ ఆగిపోయిన రోజు ఒకటే: ఇంటర్మీడియట్‌లో చేరిన రోజు. ఇనుప పెట్టె, పరుపు చుట్ట, హాస్టలు గది. నన్ను చేర్పించి వస్తూ నాన్న గేటు దగ్గర, "రెండేళ్లే కదమ్మా, తరువాత కావలసినంత వాయించుకో" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు, నిజంగా అలాగే అనుకున్నారు. ఆ రెండేళ్లు 36 ఏళ్లయ్యాయి. చదువు తరువాత ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, అత్తగారి అనారోగ్యం. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి లేదు.

ఇలా పనుల ఒత్తిడిలో ఆగిన ఇష్టం సులువుగానే తిరిగి వస్తుంది. ఒక మాట వల్ల ఆగిన ఇష్టం అలా రాదు. మా గదిలో రంగులు వేసే ఆయన ఆరో తరగతిలో ఎద్దు బొమ్మ గీస్తే, మాస్టారు దాన్ని పైకెత్తి తరగతికి చూపించి అందరినీ నవ్వించారట. నలభై ఏళ్ల తరువాత కూడా మొదటి రోజు కాగితాన్ని మోచేత్తో కప్పుకుని గీశారు. మీది అలాంటి కారణమైతే, ఆ మాటను ఒక్కరికైనా చెప్పండి. చెప్పిన రోజున దాని బరువు సగం దిగుతుంది.

మీరు మళ్లీ ఎలా మొదలుపెట్టారు?

అమ్మ కర్మలయ్యాక బ్రాడీపేట ఇల్లు ఖాళీ చేస్తున్నాం. తమ్ముడు అటక ఎక్కి సామాను ఒక్కొక్కటే అందిస్తున్నాడు. ఇత్తడి గంగాళం, కొలువు బొమ్మల పెట్టె, ఆ వెనక అమ్మ పాత వెంకటగిరి చీర చుట్టిన పొడవాటి మూట. "అక్కా, జాగ్రత్తగా పట్టుకో" అన్నాడు. చేతిలోకి రాగానే వీణ కుండ బరువు తెలిసింది. అమ్మ దాన్ని ఎవరికీ ఇవ్వలేదు, అమ్మలేదు, నాతో ఎప్పుడూ ఆ మాట ఎత్తనూ లేదు. చీర మడతల్లో వేపాకు పొడి ఉంది. అంటే మధ్యమధ్యలో దించి, విప్పి, ఆకులు మార్చి, మళ్లీ చుట్టి పెట్టేదన్నమాట.

విప్పి చూస్తే రెండు తీగలు తెగి ఉన్నాయి, మిగిలినవి తుప్పు పట్టాయి. మెట్లు, అంటే తీగ కింద వరుసగా ఉండే కడ్డీలు, వాటి కింది మైనం ఎండి పగుళ్లిచ్చింది. మూడు మెట్లు ఊడి చీరలో దొరికాయి. నేల మీద కూర్చుని లెక్కపెట్టాను. 24కు 24 ఉన్నాయి.

నూజివీడు తీసుకెళ్లాను. వీణలు చేసే చేతులు అక్కడ ఇంకా ఉన్నాయి. ఆ మేస్త్రి దండి మీద, అంటే వీణ పొడవాటి మెడ మీద, చేయి వేసి నిమిరి, "ఎన్నేళ్లయిందమ్మా వాయించి?" అని అడిగాడు. చెప్పాను. "పనస కర్ర బాగా ఎండింది. నాదం ఇప్పుడే బాగుంటుంది" అన్నాడు. పాతదంతా గీకి, కరిగించిన మైనంలో బొగ్గుపొడి కలిపి కొత్తగా పోశాడు. ఒక్కో మెట్టు నిలబెట్టి, తీగ మీటి, తల వంచి విని, వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మీటి, మళ్లీ విని. దాన్ని మేళం కట్టడం అంటారు. పొద్దు వాలేదాకా పక్కన కూర్చుని చూశాను. అంత శ్రద్ధగా ఒకరు వినడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి సరళి స్వరాలు, అంటే సరిగమల మొదటి పాఠాలు, మొదలుపెట్టాను. ఎడమ చేయి పూర్తిగా దారి తప్పింది. రెండు నిమిషాలకే తీగ వేలి మీద గాటు పెట్టింది. కానీ కుడి చేతి చిటికెన వేలు, నేను అడగకుండానే, తాళం దెబ్బ పడ్డప్పుడల్లా పక్కనున్న తాళం తీగలను మీటుతూ వచ్చింది. అది ఏదీ మరిచిపోలేదు. నేను వాయిస్తుంటే అమ్మ వంటింట్లో నుంచే, "రిషభం ఎక్కువవుతోందే, తీగ అంత నొక్కకు" అనేది. రిషభం అంటే సరిగమల్లో 'రి'. అమ్మ మాట వినిపించినట్టయింది. ఏడ్చాను, కళ్లు తుడుచుకుని రెండో వరుస వాయించాను.

ఎక్కడ మొదలుపెట్టాలి? వదిలేసిన చోటి నుంచేనా?

వద్దు. అంతకన్నా చాలా వెనక నుంచి మొదలుపెట్టండి. నేను అందరికీ గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే. నేను గీతాలు దాటి, అంతకన్నా కష్టమైన వర్ణాల దగ్గర ఆపాను. తిరిగి వచ్చాక వర్ణంతో మొదలుపెట్టి ఉంటే పది రోజుల్లో విసిగిపోయేదాన్ని. మనసులో పదిహేనేళ్ల అమ్మాయి వాయించిన వర్ణం ఉంటుంది, చేతిలో యాభై ఏళ్ల తడబాటు ఉంటుంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఎవరూ నిలబడలేరు.

కర్ణాటక సంగీతంలో పిల్లలకు మొదట మాయామాళవగౌళ రాగం చెబుతారు. మూల రాగాలైన 72 మేళకర్తలలో అది 15వది. ఆ పద్ధతి ఏర్పరచినవారు పురందరదాసు అంటారు. సరళి, జంట స్వరాలు, అలంకారాలు, ఆ తరువాత గీతాలు. చిన్నప్పుడు ఇదంతా ఎప్పుడు దాటేస్తామా అని చూశాను. ఇప్పుడు ఒక్క సరళి వరుసను మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, వాయిస్తూ ఏడాది గడిపాను, ఒక్క రోజూ విసుగు రాలేదు. అలవాటైన చిన్న పని పదేపదే చేస్తున్నప్పుడే చేతికి ధైర్యం వస్తుంది, మనసు నెమ్మదిస్తుంది. మీరు వెతుకుతున్న ఊరట అక్కడే ఉంది.

మిగతా వాటికీ ఇదే వర్తిస్తుంది. బొమ్మలు వేసేవారు వారం రోజులు గీతలు, సున్నాలు గీయండి. కుట్టేవారు కాడ కుట్టు, గొలుసు కుట్టుతో రుమాలు అంచు కుట్టండి. పద్యం పాడేవారు ఒక్క పద్యం తీసుకుని నెల రోజులు దానితోనే ఉండండి.

రోజుకు ఎంతసేపు? నాకు ఖాళీ దొరకదు.

ఇరవై నిమిషాలు చాలు. సమయం కన్నా చోటు ముఖ్యం. వీణ అల్మరా మీద ఉంటే దించడానికే బద్ధకం వేస్తుంది. నేను హాలులో ఒక మూల చాప పరిచి దాని మీదే ఉంచాను, పైన అమ్మ చీర కప్పి. రంగుల డబ్బా, కుంచెలు, నీళ్ల గ్లాసు ఒకే పళ్లెంలో పెట్టుకోండి. పళ్లెం తీసుకుని కూర్చుంటే పని మొదలైనట్టే.

ఇంట్లో వాళ్లకు ఒకసారి స్పష్టంగా చెప్పండి. నేను సాయంత్రం దీపం పెట్టాక అరగంట తీసుకుంటాను. మొదట్లో మా వారు ఆ అరగంటలో రెండుసార్లైనా తాళం చెవులు ఎక్కడున్నాయని అడిగేవారు. ఇప్పుడు ఆయనే తలుపు దగ్గరికి వేసి వెళతారు. ఆడవాళ్లు ఈ మాట చెప్పడానికి మొహమాటపడతారు. మొహమాటపడవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

బొమ్మలు వేయడానికి ఏమేం కొనాలి?

మొదటి నెల పెన్సిలు, రబ్బరు, మామూలు తెల్ల కాగితం. ఇంకేమీ వద్దు.

నీటి రంగులకు వచ్చాక కాగితం మీద మాత్రం పొదుపు చేయకండి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి నీటి రంగుల కాగితం తీసుకోండి. పలుచని కాగితం తడవగానే ఉబ్బి గుంటలు పడుతుంది, రంగు ఆ గుంటల్లోకి చేరి మరకలవుతుంది. అది చూసి తమకు చేతకావడం లేదని చాలామంది మానేస్తారు. తప్పు కాగితానిది. రంగులు విద్యార్థులు వాడే పన్నెండు రంగుల పెట్టె చాలు. గుండ్రటి కుంచెలు 6వ నంబరు, 10వ నంబరు ఉంటే ఏడాది గడుస్తుంది. బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల దుకాణాల్లో ఇవన్నీ దొరుకుతాయి. బొమ్మలు చూసి గీయడానికి పాత పత్రికలు కావాలంటే లెనిన్ సెంటరులో పాత పుస్తకాల దుకాణాలు తిరగండి. ఒక సాయంత్రం అందుకే కేటాయించినా మంచిదే.

మన ఎండలకు, వానలకు ఇవి పాడవవా?

జాగ్రత్త పడాలి. మే నెలలో విజయవాడ ఎండకు వీణ మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి. కిటికీ పక్కన, డాబా కింద వేడి గదిలో పెట్టవద్దు. నీటి రంగులు కాగితం మీద పరుచుకునే లోపే ఎండిపోతాయి కాబట్టి వేసవిలో తెల్లవారుజామున కూర్చోండి. ఆ వేళ కృష్ణ మీది గాలి కూడా తోడు ఉంటుంది. వానాకాలం దీనికి పూర్తిగా తిరగబడుతుంది: కాగితం చెమ్మగిల్లుతుంది, తీగలు తుప్పు పడతాయి. వాయించడం అయ్యాక పొడి గుడ్డతో తీగలు తుడవండి. కాగితాలను ప్లాస్టిక్ సంచిలో మూసి పెట్టండి.

గురువు కావాలా? ఫోనులో చూసి నేర్చుకుంటే సరిపోదా?

కుట్టు, బొమ్మలు, మట్టి పనికి ఫోను చాలావరకు సాయపడుతుంది. సంగీతానికి మాత్రం ఎదురుగా కూర్చుని వినే మనిషి కావాలి. మన తప్పు మన చెవికి వినిపించదు.

విజయవాడలో ఘంటసాల పేరు మీద ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ దానికి తొలి ప్రిన్సిపాల్. సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, ఆ పైన డిప్లొమా రెండేళ్లు. ఈ ఊరికి సంగీతం కొత్త కాదు. ఇక్కడి ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. పొద్దున్నే భక్తిరంజని వింటూ జడలు వేయించుకున్న పిల్లలం మనం. ఆ చెవి మనలో చాలామందికి ఉంది.

నా ఇప్పటి గురువుకు 29 ఏళ్లు. మా అబ్బాయి కన్నా రెండేళ్లు పెద్దది. మొదటి రోజు నన్ను "అమ్మా" అని పిలవాలా, "ఆంటీ" అని పిలవాలా అని తికమకపడింది. నేను ఆమెను "గురువుగారూ" అనే పిలుస్తాను. చిన్నవాళ్ల దగ్గర నేర్చుకోవడానికి అభిమానం అడ్డు వస్తే, వాళ్లు ఎన్ని గంటలు సాధన చేసి అక్కడికి వచ్చారో ఒకసారి తలుచుకోండి.

చూసి నేర్చుకోవడానికి ఇక్కడ ఏ చోట్లు ఉన్నాయి?

చాలా ఉన్నాయి, మనమే వెళ్లం. నా ఎంపిక చెబుతాను.

ముందు కొండపల్లి. విజయవాడ నుంచి ఇరవై కిలోమీటర్ల లోపే. బొమ్మల కాలనీలో వాకిళ్ల ముందే పని జరుగుతుంది. తెల్లపొణికి కర్ర ఎంత తేలిక అంటే, అరచేతిలో పెడితే ఉన్నట్టే తెలియదు. ముక్కలను విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. చేతులు, కాళ్లు, పల్లకీ బొంగు, అన్నీ అలా అతికినవే. మక్కు ఆరాక సుద్ద పూసి, ఆ పైన రంగులు. ఒక వృద్ధుడు దశావతారాల బొమ్మలకు వరుసగా కళ్లు దిద్దడం అరగంట చూశాను. అప్పటిదాకా కర్రముక్కగా ఉన్నది రెండు నల్ల చుక్కలు పడగానే మన వైపు చూస్తుంది. మీ పిల్లలకు కాదు, మీకోసమే ఒక బొమ్మ కొనుక్కోండి.

విజయవాడలోనే బాపు మ్యూజియం ఉంది. విక్టోరియా జూబిలీ భవనం అది, 1887లో కట్టడం మొదలైంది. ఆవరణలోని రాతి శిల్పాల ముందు పెన్సిలుతో కూర్చుంటే ఆదివారం ఇట్టే గడిచిపోతుంది. గుంటూరు వాళ్లకు అమరావతి దగ్గర. అమరావతి శిల్పాల్లో ఎన్నో చెన్నైకి, లండన్‌కు తరలిపోయినా, అక్కడి మ్యూజియంలో మిగిలిన పద్మ ఫలకాలు గీతకు గొప్ప పాఠం. మధ్యలో దుద్దు, చుట్టూ రేకులు పొరలు పొరలుగా. ఒక్క పద్మాన్ని మక్కీకి మక్కీ గీయగలిగితే చేయి కుదిరినట్టే. ఉండవల్లి గుహలు, పెడన కలంకారీ అచ్చులు కూడా చూడదగ్గవే.

నిజంగా మనసుకు ఊరట కలుగుతుందా? లేక మన భ్రమా?

భ్రమ కాదు. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 39 మంది వయోజనులతో 45 నిమిషాలు బొమ్మలు, మట్టి పని, కాగితాలు అతికించే పని చేయించారు. ముందు, తరువాత లాలాజలం పరీక్షించారు. ఒత్తిడి సమయంలో పెరిగే కార్టిసాల్ సుమారు నాలుగింట మూడు వంతుల మందిలో తగ్గింది. బొమ్మలు వేయడంలో ముందు అనుభవం ఉన్నవారికి, లేనివారికి ఇందులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పాల్గొన్నవారు కొద్దిమందే కాబట్టి దీన్ని శాసనంగా తీసుకోనక్కరలేదు. అయినా బాగా వచ్చినవారికే ఉపశమనం అనుకునేవారికి ఆ చివరి సంగతి చెప్పాలనిపిస్తుంది.

నా కళ్లతో చూసింది ఇంకొకటి ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా గదికి వచ్చే ఒకామె ఇంట్లోకి ఛాతీ ఎత్తున నీళ్లు వచ్చాయి. పెళ్లికి ముందు నుంచి కుట్టి దాచుకున్న దిండు గలీబులు, తోరణాలు, కూతురి పరికిణీలు, అన్నీ బురదలో కలిశాయి. నెల తరువాత మా దగ్గరికి వచ్చింది. ఎవరితోనూ మాట్లాడలేదు. సూదీ దారం అడిగి తీసుకుని, ఒక తెల్ల గుడ్డ మీద కాడ కుట్టుతో ఒకే గీత కుట్టి వెళ్లింది. మరుసటి ఆదివారం దాని కింద ఇంకో గీత. ఆరో వారం ఆ గీతల మధ్య ఒక ఆకు వచ్చింది. ఆ రోజే మొదటిసారి ఆ రాత్రి ఏం జరిగిందో మాకు చెప్పింది. చెబుతున్నంతసేపూ చేయి ఆగలేదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, బతకాలని అనిపించకపోవడం వారాల తరబడి ఉంటే కుంచె, వీణ సరిపోవు. వైద్యుడిని కలవండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. ఖర్చు ఉండదు. వైద్యం తీసుకుంటూ కుట్టుకోవచ్చు, పాడుకోవచ్చు. ఒకటి మరొకదానికి అడ్డు కాదు.

చేసినవి అందరికీ చూపించాలా? అమ్ముకోవచ్చా?

మొదటి ఏడాది వద్దు. ఎవరో మెచ్చుకున్నారని మొదలై, ఎవరూ మెచ్చుకోలేదని ఆగిపోతుంది. నాలుగు బొమ్మలు బాగా రాగానే "ఇవి అమ్మితే ఎంత వస్తుందో" అనే మాట ఇంట్లోవాళ్ల నుంచే వస్తుంది. ప్రేమతోనే అంటారు. ధర కట్టిన రోజు నుంచి కొనేవారికి నచ్చేది వేయడం మొదలవుతుంది. ఇంటికి డబ్బు అవసరమైతే అది వేరే సంగతి, తప్పకుండా అమ్మండి. అవసరం లేకపోతే ఆ ఇరవై నిమిషాలను లాభనష్టాల లెక్కలోకి రానివ్వకండి.

మా అమ్మాయి ఇంటర్మీడియట్‌లో చేరబోతోంది. డాన్సు ఆపించమంటున్నారు. ఏం చేయాలి?

ఆపించకండి. వారానికి ఒక్క గంటైనా ఉంచండి. హాస్టలులో ఉంటే సెలవు రోజున ఇంటికి వచ్చినప్పుడు గజ్జెలు కళ్లకు కనిపించే చోట ఉంచండి.

నేల మీద కూర్చోలేను, వేళ్ల నొప్పులు. ఎలా?

కుర్చీలో కూర్చోండి. వీణను పెట్టుకోవడానికి స్టాండ్లు దొరుకుతాయి, ఎత్తు తక్కువ బల్ల ఉన్నా చాలు. సాధనకు ముందు గోరువెచ్చని నీళ్లలో వేళ్లు ముంచండి. ఎడమ చేతి వేళ్లకు చుక్క నూనె రాసుకుంటే తీగ మీద జారుతాయి. గాట్లు పడి, మానుతూ, నెల రోజులకు కాయలు కాస్తాయి, ఆ తరువాత నొప్పి ఉండదు. సూదిలో దారం ఎక్కించలేకపోతే పెద్ద కన్ను ఉన్న సూది, మందపాటి దారం, అల్లిక బిగువు తక్కువగా ఉన్న గుడ్డ తీసుకోండి. కీళ్లవాపు ఉన్నవారు మాత్రం వైద్యుడిని అడిగాకే మొదలుపెట్టండి.

నా హార్మోనియం ఎప్పుడో ఎవరికో ఇచ్చేశారు. ఇప్పుడేం చేయను?

అడగండి. తీసుకున్నవాళ్ల ఇంట్లోనూ అది అటక మీదే ఉండి ఉండవచ్చు. మా పెద్దాయన హార్మోనియం అలాగే తిరిగి వచ్చింది, వాళ్లు దుమ్ము దులిపి మరీ పంపారు. దొరకకపోతే పాతది కొనండి, కొత్తదానికి తొందరపడకండి.

మొదలుపెట్టి మళ్లీ ఆగిపోతే?

ఆగిపోతుంది. నాకూ ఆగింది. పోయిన ఏడాది మా అమ్మాయి పురిటికి వచ్చింది. మూడు నెలలు పథ్యం వంట, స్నానాలు, రాత్రుళ్లు మెలకువ. వీణ చాప మీదే ఉంది, చీర తీయలేదు. అటు చూసినప్పుడల్లా ఏదో బాకీ ఉన్నట్టు అనిపించేది. గురువుగారికి ఫోను చేసి చెబితే, "పిల్ల నిద్రపోతున్నప్పుడు తీగలు తుడవండి చాలు" అంది. రోజూ తుడిచాను, వాయించలేదు.

మూడో నెల నిండాక ఒక మధ్యాహ్నం పాప ఉయ్యాలలో పడుకుంది. చీర మడిచి పక్కన పెట్టి, శ్రుతి చేసి, చాలా మెల్లగా మొదటి సరళి వరుస అందుకున్నాను. పాప లేవలేదు. రిషభం ఎక్కువైంది. వేలు కాస్త వదులు చేసి మళ్లీ మీటాను.